గోర్ల రంగుతోని

వానకాలం నడుమనే మీటరు సచ్చిపోయింది.
ముల్లు సున్న మీద పండుకున్నది, లేవది.
మెట్‌పల్లి నుంచి నిజామాబాదు దాకా
పసుపు బస్తాలేసుకొని
ఎంత జోరుగ పోతున్ననో
పక్కపొంటి చింతచెట్లను జూసి
అంచనా కట్టుకున్న నెల రోజులు.
డీజిలెంతున్నదో ట్యాంకును తట్టి ఇన్న.

షోరూమోడు చెప్పిన ధరకు
నవ్వచ్చింది గని నవ్వలే.
తుక్కు అంగట్ల అఫ్సర్ భాయ్
పాత పేపర్ల సుట్టి ఇచ్చిండు
ఒక మీటరు, బటన్లున్న ఒక స్టీరింగు.
"బండి బోల్తా పడ్డది గని
ఇవి మంచిగనే ఉన్నయి" అన్నడు.
ఎవలిదని నేనడుగలే.

ఐతారం. వాకిట్ల బండి.
ముందుగాల బ్యాటరీ నల్ల వైరు ఇప్పిన.
ఊడదీసిన మరలను జలజ
బీడీల చాటల సర్దింది,
పొట్టియి ఆకు దిక్కు, పొడుగుయి తంబాకు దిక్కు.
డాష్‌బోర్డు మూత పటుక్కున ఊడంగనే
లోపటంత పసుపు.
ఆరేండ్ల పసుపు.
నలుగు పెట్టిన పెండ్లిపిల్లగాని మెడ లెక్క
వైర్లన్ని పచ్చగున్నయి.
సందుల ఒక మార్కెట్ రశీదు,
మా సిన్నోడు పండ్లూడే యాళ్లప్పుడు
మూడొద్దులు ఏడ్సిన బొమ్మగుర్రం కాలు.
జలజ ఊదింది, తుమ్మింది,
గుర్రం కాలును కొంగున ముడేసుకున్నది.

స్టీరింగు నడిమి నట్టు పానకు లొంగలే.
గోడ మీదికెళ్లి రాజలింగం మామ
"కొట్టకురా, ఇనుముకు గూడ రోషముంటది" అన్నడు.
కిరసనాయిలు పోసి, చాయ తాగి, మల్ల పట్టిన.
కదిలింది.
చక్రం గుంజకముందే జలజ
గోర్ల రంగు సీస తెచ్చి
కడ్డీ తలమీద ఎర్రగ ఒక సుక్క పెట్టింది.
"మీదికి జూసే దిక్కు ఇది.
లేకుంటె సక్కగ పోతున్న అనుకుంటనే
కాలువల వడుతవ్."

ఇగ మీటరెనుక ప్లగ్గు, ఇరువై కాళ్లది.
నా చెయ్యి ఆ సందుల పట్టది.
బస్తాలు మోసి మోసి నా వేళ్లు
కందగడ్డలయినయి.
"జరుగు" అన్నది.
దినాం ఎయ్యి బీడీలు సుట్టే వేళ్లు,
టీవీల సీరియల్ జూసుకుంటనే
బీడీ మూతి మడిచే వేళ్లు
చీకట్లకు పోయినయి.
టిక్కుమన్నది.

తాళం తిప్పిన.
ముండ్లన్ని ఒక్కపాలి లేచి
సలాం కొట్టి కూసున్నయి.
దీపాలు ఎలిగినయి.
కిలోమీటర్లు: ఎనుబైనాలుగు వేల రెండు వందల పదకొండు.
మాది మూడు లచ్చల పన్నెండు వేలు దాటింది.
మామ ఈల కొట్టిండు.
"అమ్మితే యాబై వేలెక్కువస్తయి.
ఎవడడుగుతడు?"
దాసుడెందుకు,
నేను గూడ ఒక గడియ లెక్క జేసిన.
జలజ డోరు తెరిచి
పక్క రేకు మీద
అదే గోర్ల రంగుతోని రాసింది
పాత మీటరు ఆగినకాడి లెక్క,
దాని కింద "పైన ఒక నెల",
దాని కింద ఇయ్యాల్టి తారీఖు.
ఆరెదాక దుమ్ము వడకుంట
అరచెయ్యి అడ్డం పెట్టింది.

గల్లీ చివరిదాక పోయి అచ్చిన.
పదకొండు పన్నెండయింది.
ఆ పదకొండుకాడ
ఎవని చేతులున్నయో ఈ చక్రం మీద,
ఏ పాట ఇంటుండెనో.
రాత్రేమో, వానేమో.
అఫ్సర్ భాయ్‌ని అడిగేదుండె.

వచ్చిన తొవ్వ కాంగ బటన్లు ఒత్తి జూసిన.
ప్లస్సు ఒత్తితే పాట తగ్గుతది,
మైనస్సు ఒత్తితే వాడంత ఇంటది.
"మల్ల ఇప్పుదమా?" అన్న.
జలజ మాట్లాడలే.
చాటల మిగిలిన ఒక్క మరను
రెండు వేళ్ల నడుమ పట్టుకొని నిలవడ్డది.
అటు పొట్టిది గాదు, ఇటు పొడుగుది గాదు.
దేనిదని
ఇద్దరం బండి దిక్కు జూసినం.

నాలుగు ట్రిప్పులయినయి.
ఇప్పటిదాక ఏం ఊడలే.