రెండు తలుపుల బండి

సందులకు రాలే.
మండిబజార్ మలుపుల మూతి ఇరుక్కొని
ఎనక్కి ఎనక్కి పోయి
హంటర్ రోడ్డు మీద యాకూబ్ షెడ్డు ముందు ఆగింది.
మూరెడు మూతి కాదు, బారెడు.
తలుపొక్కటే మా నులక మంచమంత.
ఉన్నయి రెండే తలుపులు.
ఎనక సీట్లల్ల కూసునేటోళ్లు
కాళ్లు ఇంటికాడ పెట్టి రావాలె.

"గింత పొడుగు బండికి ఇద్దరేనా?" అన్నడు ఛాయ్ పోరడు.
"దూరం పోయేటోళ్లు ఎప్పుడూ ఇద్దరే"
యాకూబ్ బానెట్ ఎత్తి
బాయిలకు వంగినట్టు వంగిండు.

ఎనుమాముల యార్డుల మిర్చి అడ్తి
గోపిశెట్టి విఠలయ్యది ఆ బండి.
తేజా ధర మండిన ఏడు కొన్నడు,
ధర సల్లారిన ఏడు గోదాంల పెట్టి టార్పాలిన్ కప్పిండు.
ఎలుకలు తోలు కొరికినయి.
సీటు మీద చెయ్యి ఏస్తే చాలు, తుమ్ము.

కంపెనీకి ఫోన్ చేసినం.
ఆ మోడల్ ఇగ చెయ్యమన్నరు, మర్యాదగ.
ఆఖరి బండి గేటు దాటుతుంటే
పనోళ్లంత వరుసగ నిలబడి సప్పట్లు కొట్టిండ్రట.
ఫోటో ఉన్నదట.
సూదికి దారం ఎక్కించుకుంట విన్న.
కొత్తవాడల మా నాయిన గుంటమగ్గం ఆగిన తారీఖు
మా ఇంట్లనే ఎవరికీ యాది లేదు.
సగం నేసిన జంపఖానా మీద పిల్లి పండుకున్నది,
గంతే.

సీట్లకు పద్దెనిమిది రోజులు పట్టింది.
పాత కుట్టు ఇప్పుతుంటే తెలిసింది,
కుట్టింది ఎడమచేతి మనిషి.
ఆడో మగో, ఏ దేశమో.
వజ్రం గడులు ఒక్క తీరుగ పోయి పోయి
ఒక్కకాడ దారం రెండుసార్లు తిరిగింది.
ఆ పూట మనసుల ఏమో ఉన్నది.
ఆ ఒక్క గడి నేను ఇప్పలే.

పనైనంక ఒక రాత్రి యాకూబ్ పిలిచిండు.
ములుగు రోడ్డు. ఆరెపల్లి దాటినంక
కాలు అదిమిండు.
సప్పుడు పెరగలే.
దూరమే తగ్గింది.
ఇటుక బట్టీలు, పత్తి చేన్లు, ఎవలదో పెండ్లి లైటింగు
ఒకదాని ఎనక ఒకటి పక్కకు జరిగినయి.
నా ఈపు నా కుట్టుకే ఆనుకున్నది.
యాభై రెండేండ్లల్ల మొదటిసారి
ఎటు పోతున్నమని అడగబుద్ధి కాలే.
జాకారం కాడ మలిపిండు.
"పెట్రోలు సేటుది" అన్నడు,
తప్పు చేసినోని తీరు.

దీపావళి ముందు బేరం కుదిరింది.
గంత ఉరికే బండిని
లారీ మీద తాళ్లతోని కట్టి తీస్కపోయిండ్రు.
షెడ్డు ముందు నాలుగు నూనె సుక్కలు మిగిలినయి.
యాకూబ్ వారం దాక ఊడ్వనియ్యలే.

కాశిబుగ్గ అడ్డా మీదికి పోతే సూడుండ్రి:
ఆటో సీట్లకు వజ్రం గడులు.
ఇప్పటికి నలభై ఏడు కుట్టిన.
ప్రతి సీటుల ఒక్క గడికి
దారం రెండుసార్లు తిప్పుత.
"ఇదేం డిజైన్, సదానందం?" అంటరు.
రేటు చెప్త.

మొన్న ఒకామె నా పక్కన ఎక్కింది,
మిర్చి తొడిమలు తీసి వస్తున్నట్టుంది, గోర్లు ఎర్రగ.
ఏదో ఆలోచించుకుంట
సీటు మీద ఏలుతోని గడి ఎంబడి గడి గీసుకుంట
పోచమ్మ మైదాన్ దాక వచ్చింది.
రెండు కుట్ల గడి కాడ ఏలు ఆగింది.
మళ్ల తడిమింది.
దిగి, చిల్లర లెక్కబెట్టి ఇచ్చి,
తుమ్మింది.