సీతానగరం టికెట్టు

విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కి
పదకొండేళ్లు సీతానగరం టికెట్టే కొన్నాను.
దిగేది మాత్రం బొబ్బిలిలో.
'స' జారిపోతుంది. 'బ' దగ్గర పెదాలు రెండూ
తుప్పు పట్టిన షట్టరులా పడిపోతాయి.
వారం వారం పదిహేను రూపాయలు ఎక్కువ,
నత్తికి నేను కట్టిన శిస్తు.

ఒక్క కండక్టరే అడిగాడు:
"ఇక్కడే దిగిపోతన్నావేటి బావూ, టికెట్టింకా ఉంది కదా?"
తల ఊపాను. తల ఊపడానికి అక్షరాలక్కర్లేదు.

నా పేరూ ఆ అక్షరంతోనే. బంగారునాయుడు.
పెట్టినప్పుడు అమ్మకేం తెలుసు.

కోట దగ్గర మేడమీద గదిలో సువర్చల మేడమ్.
మొదటిరోజే అడిగాను, కాగితం మీద:
ఎన్నాళ్లకి పోతుంది?
చదివి, మడిచి, నాకే ఇచ్చేసి
"పోతుందని నేను చెప్పను నాయుడూ.
చెప్పేవాళ్లున్నారు, వాళ్ల ఫీజు ఎక్కువ" అంది.
లేచి వచ్చేద్దును. బయట వాన పట్టుకుంది.

ఒక నోట్సు ఇచ్చింది.
ఎలా మాట్లాడానో రాయొద్దంది.
మాట్లాడానా, లేదా. అంతే.

నాలుగో నెలకి ఆ గదిలో నా మాట
మా షాపులో నూనె రాసిన బోల్టులా తిరిగింది.
మెట్లు దిగి టీ కొట్టు ముందు నిలబడితే
రెండు వేళ్లు చూపించాను.
నోట్సులో: లేదు.
జూన్ అంతా లేదు, లేదు, ఒక అవును, లేదు.

చవితి వెళ్లిన శనివారం
గొట్లాం రాకముందే కండక్టరు వచ్చాడు.
పెదాలు ఆనీ ఆనకుండా పెట్టాను, మేడమ్ చెప్పినట్టు.
బ్... బ్...
చేపల గంప ఆవిడ నా నోరే చూస్తోంది.
ఆయన మిషను మీద వేలు పెట్టుకుని
అలాగే నిలబడ్డాడు.
బ్బొబ్బిలి.
మూడు 'బ'లు. ఆ ఊరికే నత్తి ఉందేమో,
నన్నంటారు గానీ.
"ఒకటేనా?" అన్నాడు. ఇంకేం అనలేదు.

ఆ టికెట్టు పర్సులో దాచాను.
పై వారం సీతానగరమే కొన్నాను.
ఆ పై వారమూ.

మేడమ్‌కి చెప్తే నిట్టూర్చలేదు.
"ఆ రోజు మిగిలిన పదిహేనూ ఏం చేశావు?" అంది.
"గుర్తు లేదు" అన్నాను,
'గు' దగ్గర ఆగి,
ఆగినచోట కూలబడకుండా.

రేపు శనివారం.
ఏ ఊరు అడుగుతానో నాకే తెలీదు.
జేబులో చిల్లర మాత్రం
రెండు ఊళ్లకీ సరిపడా పెట్టుకున్నాను.