ఒకటిన్నర అంగుళం

జె.సి. రోడ్డులో శనివారం పొద్దున
ఇనుము ఇంకా వేడెక్కలేదు.
షట్టర్లు సగమే లేచాయి,
కింది సందులోంచి టీ గ్లాసులు లోపలికి పోతున్నాయి.

నా జిప్సీకి ముందువైపు వాలు.
కుడి చక్రం మీద ముప్పాతిక అంగుళం తక్కువ.
పీన్యా ఫ్యాక్టరీలో కొలతలు తీసే చెయ్యి నాది,
టేపు రెండుసార్లు పెట్టి చూశాను.
మిలిటరీ వేలంలో కొన్న బండి.
ఎవరో బరువైన హవల్దారు
ఏళ్ల తరబడి ఆ సీట్లోనే కూర్చుని
ఏ కొండదారి దుమ్మో తొక్కించి ఉంటాడు.
బండి అప్పజెప్పి దిగిపోయాడు గానీ
బరువు దించడం మరిచాడు.

మొదటి షాపు కుర్రాడు
ఎర్ర రంగు కిట్టు విప్పి గుడ్డ మీద పరిచాడు,
బంగారం కొట్లో హారం పరిచినట్టు.
"నాలుగంగుళాలు మేడమ్,
సిగ్నల్లో అందరూ తల తిప్పి చూస్తారు."
ధర విన్నాక తిరిగింది నా తలే.

రెండో షాపులో పొడుగు షాకిల్స్.
రెండు బోల్టులు, అరగంట పని అన్నారు.
అరగంటలో ఎత్తు పెరిగినవాళ్లను
మా ఆఫీసులో చూశాను.
వెనక్కి పెట్టేశాను.

సందు చివర దస్తగిరి.
చింతామణి నుంచి వచ్చి ముప్పయ్యేళ్లు;
కన్నడంలో బేరం, ఉర్దూలో తిట్లు,
లెక్కలు మాత్రం తెలుగులోనే.
ఎంత లేపాల అని అడగలేదు.
"యాడ తగిలింది?" అన్నాడు.

చెప్పాను.
మధుగిరి అవతల, వాన వెలిసిన మర్నాడు,
బండ ఎక్కుతుంటే
కాళ్ల కింద సమ్మెట పడ్డ చప్పుడు.
దిగి టార్చి వేస్తే
డిఫరెన్షియల్ గుండు మీద తెల్లని గీత.
నూనె కారలేదు,
నా నోట్లోనే తడి ఆరిపోయింది.

గోనె పరిచి కిందికి దూరాడు.
కాళ్లు రెండే బయట.
ఆ చెప్పులతోనే మాట్లాడాను కాసేపు.
"గీత పడింది ఇరుసుకి, సూడుమా.
కమాను ఎంత లేపినా
పైనున్న బాడీ లేస్తాది, నువ్వు లేస్తావు.
ఇరుసు మట్టుకు నేల పక్కనే నడుస్తాది.
దాన్ని లేపేది టైరొక్కటే."

నాలుగంగుళాల్లో రెండు
అక్కడే, ఆ గోనె మీద, రాలిపోయాయి.

లోపల్నుంచి మాట ఆగలేదు.
షాకిల్ పొడుగైతే ఇరుసు ముక్కు కిందికి వాలి
షాఫ్టు కీలు మెడ పట్టేస్తుందట;
షాకబ్జార్బర్ పొట్టిదైతే
కమాను ఒళ్లు విరుచుకోబోయే లోపే
చెయ్యి పట్టి లాగేస్తుందట.
ఇక బ్రేకు గొట్టం...
అక్కడ ఆగాడు.
గ్రీజు చెయ్యి బయటికి చాచి
నా వేళ్లను తీసుకెళ్లి ఆ రబ్బరు మీద ఆనించాడు.
"చక్రం గుంతలో యాలాడేటప్పుడు
ఇది ఎంత సాగుతాదో కొల్చినావా?"

లేదు.
పన్నెండేళ్లుగా పిస్టన్ రింగులను
వెంట్రుకలో పదోవంతు దాకా కొలిచాను.
కొండ దిగేటప్పుడు నా పాదాన్ని నమ్మే ఈ గొట్టాన్ని
ఒక్కసారీ కొలవలేదు.

సిగరెట్టు పెట్టె అట్ట మీద చీటీ రాశాడు:
ఒకటిన్నర అంగుళం లేపే కమాన్లు, జత.
వాటికి సరిపడే షాకులు.
పొడుగు బ్రేకు గొట్టాలు.
ఒక సైజు పెద్ద టైర్లు, పక్కనే చిన్నగా,
డబ్బు కుదిరినప్పుడు.
అందులో ఎర్ర రంగుది ఏదీ లేదు.

సాయంత్రం పాత కట్టలు రెండూ ఊడదీసి
పక్కపక్కన పడుకోబెట్టాడు.
ఎడమదానికి ఇంకా కాస్త విల్లు ఉంది.
కుడిది చదునుగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన
పరుపులా ఉంది.
పాత ఇనుము తూకం వేసి బిల్లులో తగ్గించాడు.
కుడి కట్టలో పొడుగు పట్టీ ఒకటి ఉంచుకుంటానన్నాను.
ఎందుకని అడగలేదు,
దాని తూకం మళ్లీ బిల్లులో కలిపాడు.

టౌన్ హాలు దగ్గర జామ్.
ముందు ఆటో టాపు మీద ఆరేసిన తువ్వాలు
కొత్తగా కనిపించింది, అంతే.
ఎవరూ తల తిప్పలేదు.
ఎప్పటిలాగే ఎడమకి ఒరిగి కూర్చున్నాను.
ఇక ఒరగాల్సిన పని లేదని
మైసూరు బ్యాంకు సర్కిల్ దాటేదాకా
గుర్తే రాలేదు.