ఊరికే చూసేవాళ్లు

పీణ్యాలో మా ఆఫీసు, రెండో అంతస్తు.
కింద రబ్బరు ఉడికే వాసన,
పైన నా తెర మీద
ఆ రబ్బరు కోసం వచ్చిపోయేవాళ్ల అడుగులు.
కుక్కర్ గాస్కెట్లు అమ్ముతాం మేము.
విజిళ్లు, సేఫ్టీ వాల్వులు, పిడి స్క్రూలు కూడా.

నెలకు నలభై వేల మంది వస్తారు సైటుకి.
నలభై వేలంటే ఎవరూ కారు,
దూరం నుంచి విన్న సంత హోరు,
అందులో మాట ఉండదు.
అందుకే జల్లెడ పడతాను.
ఫోనులో వచ్చినవాళ్లు వేరు,
రెండోసారి వచ్చినవాళ్లు వేరు,
బుట్టలో వేసుకుని, చిరునామా దగ్గర ఆగి,
వెనక్కి మళ్లినవాళ్లు వేరు.
వస్తువు తొంభై, డెలివరీ నలభై తొమ్మిది.
నేనైనా మళ్లుతాను.

ఒక్కో సెగ్మెంటుకీ ఒక పేరుండాలి.
అన్నిటికీ సుధీంద్ర మెచ్చే పేర్లే పెట్టాను,
ఒక్కదానికి తప్ప.
నేరుగా కొలతల పేజీకే వచ్చి,
ఇంకో పేజీ తాకకుండా,
ఎనిమిదీ తొమ్మిదీ నిమిషాలుండి,
ఏమీ కొనకుండా పోయేవాళ్లు.
"ఊరికే చూసేవాళ్లు" అని తెలుగులో రాసుకున్నా.
ఆ లిపి ఆఫీసులో నాకూ,
ప్యాకింగ్‌లో ఓబుళమ్మకూ తప్ప ఎవరికీ రాదు.

"వాళ్లను తీసేసి చూడు," అన్నాడు సుధీంద్ర గురువారం.
తీసేశాను. ఒక్క టిక్కు.
పదమూడు వేల మంది లేరు.
కొన్నవాళ్ల శాతం ఒకటిన్నర నుంచి
రెండుంబావుకి లేచి కూర్చుంది.
ఒక్క గాస్కెట్టూ ఎక్కువ అమ్మకుండానే
మీటింగులో మొహాలు వెలిగాయి.

నాకు మాత్రం పంటి కింద రాయి.
రబ్బరు వలయాన్ని తొమ్మిది నిమిషాలు ఎవరు చూస్తారు?
ఆ రాత్రే కొలతల బొమ్మకు ఒక ట్యాగు తగిలించాను,
ఎవరైనా రెండు వేళ్లతో దాన్ని సాగదీస్తే
నా దగ్గర గంట మోగేలా.
మోగింది. మోగుతూనే ఉంది.
పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా మరీను.
చిన్న తెరలు, పాత ఫోన్లు, ఊరు బెంగళూరు.
అంతకు మించి చెప్పదు,
చెప్పకూడదు కూడా.

ఆదివారం మా ఇంటి కుక్కరే మొరాయించింది.
ఆవిరంతా పక్కల నుంచే, పప్పు పలుకు పలుకు.
గాస్కెట్ల కంపెనీ మనిషి ఇంట్లో
ఒక్క గాస్కెట్టు లేదు.
యశవంతపుర మార్కెట్టు వెనక, గోడవార,
టార్పాలిన్ కింద మునివెంకటప్ప.
తీగకు గుచ్చిన రబ్బర్లు, మూల పగిలిన ఫోను.
నా ముందు ఒక ముసలామె
మూత ఊపుతూ పోట్లాడుతోంది,
పోయినసారి ఇచ్చింది సరిపోలేదని.
ఆయన ఫోను తీశాడు.
మా పేజీ. మా నీలం గీత.
కిందటి నెల నేను పెద్దవి చేయించిన అంకెలు.
రెండు వేళ్లతో బొమ్మ సాగదీసి,
"సూడమ్మా, ఇది లోపలి మూతది,
పెదవి ఇట్ల లోపలికి తిరుగుతాది.
నీది బయటి మూత. నువ్వు అడిగిందే తప్పు.
కంపినీవోళ్లే గీసిండారు కదా."
ఆమె అంకెలు చదవలేదు.
పెదవిని చూసింది. చేతిలో మూతను చూసింది.
నూరు చెప్పాడు, ఎనభై ఇచ్చింది.

నా వంతు వచ్చింది. నాకూ చూపించాడు ఆ బొమ్మ.
మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.
"ఈ మాలెక్కడిది?" అన్నా.
"చిక్కపేట హోల్‌సేలు. పీణ్యా సరుకు మేడమ్, మన్నుతాది."

సోమవారం వెతికాను.
ఆదివారం, పదకొండు నలభై, ఒక రాక.
కొలతల పేజీ, పద్నాలుగు నిమిషాలు,
సాగదీతలు ఆరు, కొనుగోలు సున్నా.
ఆయనే కావచ్చు. జయనగర్‌లో ఇంకెవరో కావచ్చు.
ఆ ఆరింట్లో ఒకటి నా కోసమే కావచ్చు.

సుధీంద్ర రిపోర్టు అడిగాడు, వాళ్లు లేనిదే.
చిక్కపేట సంగతి చెప్పబోయాను,
"అది ఆఫ్‌లైన్ కదా," అన్నాడు.
పంపాను. జీతం మనిషిని.
తర్వాత సెగ్మెంటు తెరిచి
పేరు చెరిపి, కొత్తది కొట్టాను:
చూపించేవాళ్లు.

డబ్బా పట్టుకుని అన్నానికి పిలవడానికొచ్చిన ఓబుళమ్మ
నా భుజం మీదుగా కూడబలుక్కుని చదివింది.
"ఏం చూపిస్తారే?"
"పెదవి," అన్నాను.