రాత్రి పుస్తకం

పొద్దంతా నా పని కాదనుడే.
ఏనుమాముల యార్డు పక్క మూడో అంతస్తు, కిటికీ లేని అర్ర,
రొద ఆపని పంకల నడుమ నాలుగు సర్వర్లు:
ఒకదాంట్ల కాంటా లెక్కలు, ఒకదాంట్ల జీతాలు,
ఒకదాంట్ల చపాటా మిర్చి
ఏ కోల్డ్ స్టోరేజిల ఎన్ని బస్తాలున్నదీ,
నాలుగోదాంట్ల ఏమున్నదో సేఠుకు ఎరుక, నాకు ఎరుక.

వాటి ముందర ఒక డబ్బ. దాంట్ల నేను రాసిన జాబితా.
కాంటా మిషను కాంటా లెక్కల దాకనే రావాలె,
జీతాల గడప తొక్కొద్దు.
ఖమ్మం బ్రాంచి పొద్దున తొమ్మిది నుంచి ఏడు దాక.
ఆడిటరు మార్చిల మాత్రమే.
పైనుంచి కిందికి చదువుకుంట పోతది డబ్బ,
మొదలు ఏ వరుస కలిస్తే అదే తీర్పు,
కింద ఇంకేం రాసున్నా చూడదు.
అన్నిటికన్న కింద, ఎవ్వరి పేరూ లేని వరుస:
మిగిలినోళ్లకు లేదు.

అది రాసిన రోజు సుఖంగ నిద్రపోయిన.

పోయిన నెల గేటు కాడ ఓదెలు అడిగిండు:
"బిడ్డా, రేపటి రేటు ఇయ్యాల్నే నీ కాడ పడతదట గదా,
మా అల్లుడు పర్కాల నుంచి నలభై బస్తాలు తెస్తుండు,
జర నా ఫోన్ల కనపడేటట్టు చెయ్యరాదు?"
"నీ నంబరు జాబితాల లేదు కాకా" అన్న.
నవ్విండు. టోపీ సర్దుకున్నడు.
నేను మెట్లెక్కిన.

నిన్న రాత్రి నయీంనగర్‌ల, మంచం మీద,
ఒడిల లాప్‌టాప్ పెట్టుకొని పాత వరుసలు ఏరుతున్న.
"తాత్కాలికం, రెండు దినాలు" అని రాసి
మూడేండ్ల సంది తెరిచే ఉన్నది ఒకటి.
ఎవలు అడిగిన్రో, ఎవలికి తెరిచిన్నో.
మానేసిన గుమాస్త కంప్యూటరు ఇంకొకటి,
మనిషి సూరత్‌ల చీరల దుకాణంల చేరిండు,
దారి మాత్రం ఇక్కడ ఆయన కోసం మేలుకొనే ఉన్నది.
తీసేసిన. తీసేసుకుంట, జరుపుకుంట
కింది వరుస ఎప్పుడు పైకి పోయిందో చూసుకోలే.
ఎంటర్ కొట్టిన.

తెర గడ్డకట్టింది.
మిగిలినోళ్లకు లేదు.
మిగిలినోళ్లల్ల నేను.

నాలుగింటికి బండ్లొస్తయి. కాంటా ఆగితే
ములుగు రోడ్డు దాక ట్రాక్టర్లే.
స్కూటీ తీసిన. పన్నెండున్నర.
పోచమ్మ మైదాన్ కాడ కుక్కలు,
దేశాయిపేట దాటినంక మిర్చి ఘాటు,
కండ్లల్ల, గొంతుల, హెల్మెట్ లోపట.

గేటుకు అడ్డంగ కమ్మి. అవతల ఓదెలు.
"నేనే కాకా, వినోదను."
"గుర్తు పట్టిన."
"సర్వర్ల కాడికి పోవాలె."
బల్బు కింద పుస్తకం తెరిచిండు,
వేలు పెట్టి పైనుంచి కిందికి,
తొందర లేకుంట, ఒక్కొక్క వరుస.
"రాత్రి పుస్తకంల మీ పేరు లేదమ్మా."
బిడ్డా అనలే.

కోపం రావాలె. రాలే.
దగ్గు వచ్చింది, మిర్చి దగ్గు, ఆగకుంట.
కమ్మి సందుల నుంచి నీళ్ల సీస ఇచ్చిండు,
కమ్మి లేపలే.
సేఠుకు ఫోన్ చేసిండు. ఎత్తలే. మళ్ల చేసిండు.
చెరో పక్క కూసున్నం.
అల్లునికి రేటు ఎంత పడ్డదని అడిగిన.
"ఏం పడతదమ్మా, తడి ఉన్నదన్నరు."
అంతే అన్నడు.

ఒంటిగంట దాటినంక సేఠు ఎత్తిండు.
పైకి పోయిన. నీలం వైరు నేరుగ డబ్బకే గుచ్చిన.
అన్నిటికన్న పైన నన్ను రాసుకున్న,
అన్నిటికన్న కింద దాన్నే మళ్ల రాయబోతే
చెయ్యి జర ఆగింది. రాసిన.

దిగి వచ్చేసరికి పుస్తకం ముందర పెట్టిండు, సంతకానికి.
పేరు, వచ్చిన టైము, పోయిన టైము.
"వచ్చిన పని" అన్న గడిల
బాల్‌పెన్నుతోటి, గుండ్రటి అచ్చరాలల్ల:
తాళం లోపట, మనిషి బయట.