తోడు చావని మోతాదు

సాలాతిగాలో డిసెంబరు వాన
మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ ఎక్కుతుంది.
నేను పొద్దున ఆరింటికే ఎక్కుతాను.
పంతొమ్మిదేళ్ళుగా ఈ ల్యాబులో గాజుపళ్ళేలు కడుగుతున్నాను.
రత్మిని అన్న పేరు ఏ పరిశోధన పత్రంలోనూ ఉండదు.

వెనింగ్ అనే పిల్ల సాయంత్రం దాకా సోయాపాలు కాచింది.
పచ్చిగింజల వాసన,
తడిసిన గోనెసంచిలా, వరండా దాకా వచ్చింది.
చల్లార్చి, తోడు వేసి,
జామాకు సారం కలిపింది.
ఒక సీసాలో సగం శాతం, ఇంకోదానిలో ఒకటిన్నర,
చివరిదానిలో అయిదు.
ఒక్కో చుక్క పళ్ళేలకి, మిగతాది సీసాల్లోకి.
"ఆకు ఎక్కువైతే క్రిములు ఎక్కువ చస్తాయి కదా, బూ?"

జామాకు సంగతి నాకా చెబుతావు, అనుకున్నాను.
ఎనిమిది నెలల తంత్రికి మూడు రోజులు విరేచనాలై
కళ్ళు గుంటలు పడితే
మా అత్త లేతాకులు ఏడు, ఉప్పుకల్లుతో నూరింది.
ఆకు బతికించిందా, సెలైన్ బతికించిందా
మా ఇంట్లో ఇప్పటికీ తగువే.

మర్నాడు పళ్ళెం తెరిచింది.
ఊపిరి తగిలిన అద్దంలా మసక,
ఆ మసకలో చిల్లు చుట్టూ తేట గుండ్రం.
వెర్నియర్ ఆనించి "పద్నాలుగు మిల్లీమీటర్లు!" అని అరిచింది.
నేనూ తొంగిచూశాను.
ఇన్నేళ్ళూ మరిగించి పారబోసింది
ఇంత బాగుంటుందని
ఎవరూ పిలిచి చూపించలేదు.

తర్వాత సీసాలు.
అయిదు శాతానిది వంచితే
పాలు పాలుగానే జారాయి, ఆకుపచ్చగా, చప్పగా.
క్రిముల్ని చంపిన చేదు
తోడునీ చంపేసింది.
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

పిల్ల స్టూలు మీద కూలబడింది.
"గీత పైకే పోవాలన్నారు ప్రొఫెసరుగారు."
దానికి జవాబు నాకు రాదు.
తినరాదు అన్న బోర్డు రోజూ తుడిచేది నేనే.
అయినా ఒకటిన్నర శాతం సీసాలో చెంచా ముంచాను.
ముందు వగరు,
కాసేపటికి, ఎక్కడినుంచో, పులుపు.
"ఇది నిలబడింది" అన్నాను.
"దాని గుండ్రం తొమ్మిదే, బూ."
నేనేమీ అనలేదు. ఆమే
చాలాసేపు ఆ సీసానే చూసింది.

రాత్రి మళ్ళీ తోడు వేసింది, ఆకు తగ్గించి.
వెళ్ళేముందు లైట్లార్పి
ఇంక్యుబేటరు తలుపు మీద అరచెయ్యి ఆనించాను,
జ్వరం చూసినట్టు.
నలభై రెండు.
ఈ ఒక్క ఒంటికే
అది మంచి వేడి.