వెండి తీగ

రెండువేల నాలుగొందలు పెట్టి తీగ కొన్నా.
ఇయర్‌ఫోన్ కాదు, ఉత్త తీగ.
ఇయర్‌ఫోన్ ఖరీదే పద్దెనిమిదొందలు.
ఎద్దు కంటే పలుపు పిరమంటే
నవ్వదా మరి కుళ్లాయమ్మ,
సంగటి కెలుకుతా కెలుకుతా
తెడ్డు ఆపి మరీ నవ్వింది.

నాలుగు పేటలుగా అల్లింది.
లోపల రాగి, పైన వెండి పూత,
పసిబిడ్డ మొలతాడు మాదిరి మెరుస్తాది.
అమ్మినోడు చెప్పిందేమంటే
గొంతు మీద మబ్బు తొలుగుతుందంట,
వీణ ఒకచోట, తబలా ఒకచోట
ఎవరి పీట మీద వాళ్లు కూర్చుంటారంట.

మొదటి రాత్రి నిజంగానే కూర్చున్నారు.
షిఫ్టు దిగొచ్చి, తలలో దుమ్ము దులపకుండానే
మిద్దె మీద పండుకొని విన్నా.
ఇరవై ఏండ్లుగా ఎరిగిన పాట.
రెండో చరణం ఎత్తుకునే ముందు
ఆమె చిన్నగా గుటక మింగుతుందని
ఆ రాత్రి దాకా తెలీదు.

కిందికి దిగి చెప్తే కుళ్లాయమ్మ,
"మూడు తూర్లు పిలిస్తే పలకవు,
నీకు గుటక వినపడిందా?" అనింది.

దస్తగిరి అంగడి
తాడిపత్రి బస్టాండు ఎదురుగా, మెట్ల కింద.
సెల్లులు బాగుచేస్తాడు,
దేనికీ వెంటనే అవుననడు.
"తీగ తీగే అబ్బయా.
పెన్నలో నీళ్లు లేకుంటే
కాలవకు వెండి పూసి ఏం లాభం?"
అని నా కండ్లకు తువ్వాలు కట్టినాడు.

ఒకతూరి పాతది, ఒకతూరి కొత్తది,
ఒక్కోతూరి ఊడబీకి మళ్లీ అదే తగిలించి.
ఏదో నేను చెప్పాల.
వాడు బీడీకట్ట కాగితం మీద గీతలు పెడతాడు.
వరసగా ఆరు సరిగ్గా చెప్పినా.
ఏడోది పెట్టబోతా వానికే అనుమానమొచ్చి
పాత తీగ కొనలు దీపం కింద పెట్టి చూసినాడు.

పచ్చగా చిలుము.
చెవి పక్క చెమట, దాని మీద బండల పొడి,
మూడేండ్లది, పొర మీద పొర,
పాలిష్ పట్టిస్తే
ఏ ఇంటికో గడపగా పనికొచ్చేటట్టుంది.
దూది స్పిరిట్‌లో ముంచి తుడిచినాడు.
"ఇప్పుడు చెప్పు."

మళ్లీ మొదట్నుంచీ పది.
ఐదు ఒప్పు, ఐదు తప్పు.
రూపాయి బిళ్ల ఎగరేసినా
ఇంచుమించు అంతే వచ్చుండును.
బిళ్లకు వీణా తెలీదు, తబలా తెలీదు,
అది రెండువేల నాలుగొందలు పెట్టనూ లేదు.

దూదికి దుడ్డు తీసుకోలేదు.
టీ మాత్రం నాతో తాపించుకున్నాడు.

మరి ఆ గుటక?
ఇంటికొచ్చి పాత తీగతో విన్నా.
ఉంది.
పెట్టెలో ఉత్తపుణ్యానికొచ్చిన తీగలో,
చిలుము అవతల,
ఇన్నేండ్లూ ఆమె మింగుతానే ఉంది.

కొత్తది మాత్రం వాపసు పంపలేదు.
చొక్కాకు రాసుకుంటే గరగరమనదు,
జేబులో చిక్కులు పడదు.
ఆ మాట చెప్తే దస్తగిరి
"అది నిజం" అన్నాడు.
వాని నోట్లోంచి ఈ పదేండ్లలో
నేను విన్న అవును అదొక్కటే.

ఇంకోటి ఉంది, వానికి చెప్పలేదు.
పాట ఆపేసి
రెండు చెవుల్లోంచీ పీకేసినాక
మిద్దె మీద గాలి కూడా నిలబడిపోయినప్పుడు
మొదలవుతాది
కటింగు మిసను సద్దు.
పదహారేండ్లుగా నేను నీళ్లు పోస్తా పోస్తా
బండలు కోయించిన సద్దు.
సన్నగా, మబ్బే లేకుండా,
ఎడమ చెవిలో రవ్వంత ఎక్కువగా.
ఫ్యాక్టరీలో ఆ పొద్దుకు
మిసను ఆపేసే ఉంటారు.
అది రావడానికి
ఏ తీగా అక్కర్లేదు.